నీలవేణి సొంత గొంతు

23 జనవరి 2007, మంగళవారం. గద్వాల

దిగాను. స్టేషన్ బయట ఆటో అతను నన్ను సగం గుర్తుపట్టి, "అమ్మా, సినిమాలల్ల కొడుకులు సచ్చిపోతే ఏడ్చేది మీరే గదా?" అని అడిగాడు. ఇన్నేళ్ల నా నటజీవితాన్ని ఇంత పొట్టిగా ఏ పత్రికవాడూ రాయలేదు. నాకు నవ్వొచ్చింది. మన భాషలోనే జవాబు చెప్పాను: "అవు బిడ్డా, నేనే బిడ్డా! గిట్ల కోట దిక్కు పోనియ్ బిడ్డా!" అద్దంలో ఒకసారి నా ముఖం చూసి, "మీది ఏ ఊరమ్మా?" అన్నాడు.

గద్వాలే అన్నాను. "గద్వాలనా!" అని నవ్వి బండి తోలాడు. సినిమావాళ్లంతా మద్రాసులోనే పుడతారని వీళ్ల నమ్మకం కాబోలు.

మాఘ మంగళవారం కదా, ఊరంతా జములమ్మ జాతరకు పోయేవాళ్లే. ట్రాక్టర్ల నిండా జనం, నైవేద్యం బోనాలు, మేకపోతులు. నా అసలు పేరు ఆ తల్లిదే. మొదటి సినిమాకు పోయినప్పుడు డైరెక్టరు, "జములమ్మ అని టైటిల్స్‌లో వేస్తే జనం హాల్లో టెంకాయలు కొడతారమ్మా" అని నీలవేణి అని మార్చాడు. పేరు మారితేనేం, పేరొచ్చింది. రాష్ట్ర అవార్డు ఊరికే ఇవ్వరు.

ఈసారి వచ్చింది నా సొంత ఊళ్లో, నా సొంత కులవృత్తి మీద తీసే సినిమాకి. డైరెక్టరు శ్రీనివాస్‌ది వనపర్తి. ఇదే మొదటి సినిమా. ఒకే మగ్గం మీద నేసే ఇద్దరు అక్కాచెల్లెళ్ల కథ. చెల్లెలు నేను. ఊరొదిలి పోయి, ఏళ్ల తర్వాత తిరిగొచ్చేసరికి అక్క చనిపోయి ఉంటుంది. అయితే నేను ఒప్పుకున్నది కథ చూసి కాదు. "మీ డబ్బింగ్ మీరే చెప్పాలమ్మా, మన పాలమూరు మాటలోనే" అని అతను అన్నందుకు.

ఇన్ని సినిమాల్లో ఒక్కదాంట్లోనూ నా గొంతు లేదు. ముఖం నాది, మాట డబ్బింగ్ చెప్పే ప్రభావతిది. అవార్డు వచ్చిన అమ్మ పాత్రకు కూడా అంతే. నాకేం చిన్నతనం లేదు. అందరికీ జరిగేదే.

24 జనవరి

మద్రాసులో నా మొదటి మైకు పరీక్ష గుర్తొచ్చి రాస్తున్నాను. నేను ఒక్క వాక్యం చెప్పగానే సౌండ్ ఇంజనీరు చెవులకున్న హెడ్‌ఫోన్లు పీకి అవతల పారేశాడు. "ఎక్కడ పట్టుకొచ్చారయ్యా ఈవిడని? మైకు లేకుండానే కోడంబాకం అంతా వినిపిస్తోంది!" అన్నాడు. మరి సాలెవాళ్ల వీధిలో పుట్టినదాన్ని. పొద్దు పొడిచిన దగ్గర్నుంచి ఇంటింటా మగ్గాలు టకటకా ఆడుతుంటే, ఉప్పు కావాలన్నా అరిచే అడగాలి. మా వీధిలో మొగుడూ పెళ్లాం రహస్యాలు కూడా అరిచే చెప్పుకుంటారు, ఊరంతటికీ తెలుస్తాయి.

గొంతు తగ్గించడం నేర్చుకున్నాను. ఆరు నెలల్లో పూల మీద నడిచినంత మెత్తగా మాట్లాడాను. అప్పుడు, "గొంతు ఓకే అమ్మా, యాస మాత్రం కామెడీకి పనికొస్తుంది" అన్నారు. ప్రభావతిని పిలిచారు.

25 జనవరి

అక్క దగ్గరికి పోయాను.

సుగుణమ్మక్కకు చూపు పోయి రెండేళ్లు దాటింది. కర్నూలు దవాఖానలో చూపించారు, ఇక రాదన్నారు. కొడుకు తిరుపతయ్య మగ్గం నేస్తాడు. అక్క అరుగు మీద కూర్చుని తడుముకుంటూనే రాట్నం తిప్పి కండెలకు నూలు చుడుతోంది.

నేను ఎదురుగా నిలబడి, "అక్కా! నేనొచ్చిన. మంచిగున్నవా?" అన్నాను.

అక్క రాట్నం ఆపి, "ఎవరమ్మా? తిరుపతయ్య ఇంట్ల లేడు. చీరెలు జూడాల్నంటే పొద్దుగూకినంక రాండ్రి" అంది.

మగ్గాల చప్పుడులో వినపడలేదు. దగ్గరికి పోయి చేయి తీసుకుని నా ముఖం మీద పెట్టుకున్నాను. చిన్నప్పుడు వేప చెట్టు మీంచి పడితే నుదుటి మీద తెగిన గాటు ఉంది కదా, అక్కడ వేలు ఆగింది. "ఓయమ్మ! జములీ!" అని గట్టిగా పట్టుకుంది. ఏడ్చింది. వెంటనే తిట్టింది: "ఏమే, యాదికొచ్చిన్నా ఇప్పుడు? గింత బక్కగైనవేందే, తిండి పెడ్తలేరా మీ సినిమాలోళ్లు?"

మనవరాలు వర్ష టీ తెచ్చింది. ఇంటర్ చదువుతోంది, నోరు చురుకు. అదే చెప్పింది: "చిన్నవ్వా, నీ సినిమా వచ్చిందని పోయినేడు అవ్వను టాకీసుకు తీస్కపోయిన. సగంల లేసి పోదాం పా అన్నది."

"యాల?" అన్నాను.

అక్క రాట్నం తిప్పుతూనే చెప్పింది. "కండ్లున్నన్ని రోజులు నీ మొఖం జూసి, ఇది మా జములి అనుకుంటి. ఇప్పుడు మొఖం లేకపాయె. ఎవరో సదువుకున్నామె మాట్లాడుతుండె. నువ్వు యాడున్నవో తెల్వకపాయె. ఊకె కూసోని ఏం జెయ్యాలె?" కండె మార్చుకుని, "నాకైతే నువ్వు సినిమాలల్ల లేవే" అంది. కోపంగా కూడా అనలేదు.

అవార్డు వచ్చిన కొత్తలో తెచ్చి చూపిస్తే, అప్పటికింకా కొంచెం చూపుండేది, చేత్తో తిప్పి తిప్పి చూసి, "ఇది మొఖానికిచ్చిన్రా, గొంతుకిచ్చిన్రా?" అని అడిగింది. అప్పుడు నవ్వేశాను.

ఈ సినిమాలో ఉంటాను అక్కా అని చెయ్యి మీద చెయ్యి వేసి చెప్పాను. "జూద్దం తియ్" అంది.

చూడ్డమెందుకు. ఉంటాను. నేనన్నాక ఉంటాను.

31 జనవరి

షూటింగ్ బాగా జరిగింది. నేను బాగా చేశాను.

4 ఫిబ్రవరి. గట్టు

బండల మధ్య ఎండలో సీను. ఈ ఊరి ఆడవాళ్లనే కూలీలుగా పెట్టారు. నేను, "గిది మన భూమి బిడ్డా! గిట్ల ఇడిసిపెట్టి యాడికి పోతం బిడ్డా!" అని చెబుతుంటే వాళ్లలో ఇద్దరు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పేరున్న నటి ఎదురుగా ఉంటే జనానికి ఎంత బెరుకో! షాటు కాగానే దగ్గరికి పిలిచి మాట్లాడాను. తలలు వంచుకుని వెళ్లిపోయారు.

శ్రీనివాస్ ముఖం ఎందుకో తేలిగ్గా లేదు. "ఏమయ్యా?" అంటే, "ఏం లేదమ్మా, ఎండ" అన్నాడు. వనపర్తివాడికి గట్టు ఎండ కొత్తా!

9 ఫిబ్రవరి

సాయంత్రం అక్క ఇంటి అరుగు మీద రేపటి డైలాగులు చదువుకుంటున్నాను. అక్క వింటోంది. అయిపోయాక అడిగింది: "జములీ, మాటకొక బిడ్డ అంటవు. గన్ని బిడ్డలు యాడున్నరే నీకు?"

వర్ష పడీ పడీ నవ్వింది.

"మనోళ్ల మాటే గదక్కా" అన్నాను.

"మనోళ్లు గట్ల ఎన్నడు మాట్లాడిరే? సినిమాల రౌడీలు మాట్లాడుతరు గట్ల. మనోళ్ల మాటను ఎవడో ఎక్కిరిస్తడు జూడు, నువ్వు వాని తాన నేర్సుకున్నట్లున్నవు."

"నేనీడ పుట్టినదాన్ని! నాకు నేర్పుతవా?"

"సాకు సాకు, నాకేం దెల్సు" అని రాట్నం అందుకుంది. సాకు అంటే ఇక చాలని. కర్ణాటక పక్కనే కదా, అక్క తగువు తెంచేటప్పుడు ఎప్పుడూ కన్నడమే.

అక్క జీవితమంతా ఈ వీధి దాటలేదు. నటన వేరు, మాట్లాడటం వేరు. తెర మీద కొంచెం ఎక్కువే చేయాలి. ఆ సంగతి అక్కకు ఎలా తెలుస్తుంది?

(ఈ డైరీ కూడా పుస్తకం భాషలోనే రాస్తున్నానని ఇప్పుడే గమనించాను. అక్కలాగా రాద్దామని ఒక కాగితం మీద మొదలుపెట్టాను. నాలుగు మాటలు రాసి చింపేశాను. రాయడానికి అలవాటు లేక, అంతే.)

16 ఫిబ్రవరి. బీచుపల్లి

కృష్ణ ఒడ్డున చివరి రోజుల పని. నిర్మాత హైదరాబాదు నుంచి వచ్చాడు. ఆంజనేయస్వామి దర్శనం చేసుకుని, ప్రసాదం చేతిలో పెడుతూ, "నీలవేణిగారూ, డబ్బింగుకు మన ప్రభావతిగారి డేట్లు కూడా ఊరికే అడిగి పెట్టాను" అన్నాడు.

"ఊరికే ఎందుకు అడగటం?"

"జాగ్రత్త కోసమండీ."

జాగ్రత్త ఆయన పడాల్సిన చోట్లు చాలా ఉన్నాయి. నేను కొబ్బరి ముక్క నములుతూ నది వైపు చూశాను.

4 మార్చి. వనపర్తి

ఏమీ రాయబుద్ధి కావడం లేదు.

5 మార్చి

వనపర్తి వాళ్లకు సినిమా తెలియదు.

7 మార్చి

సరే. రాస్తాను. నాకు నేను కూడా రాయకపోతే ఎలా.

ఆదివారం పొద్దున వనపర్తిలో ఒక హాలు మాట్లాడి, అతికించినంత వరకు సినిమా వేశారు. శ్రీనివాస్ వాళ్ల బంధువులు, మాతో వేషాలు వేసినవాళ్లు, నాగర్‌కర్నూల్ నుంచి వచ్చిన నాటకాలవాళ్లు. డబ్బింగ్ ఇంకా కాలేదు కాబట్టి, షూటింగప్పుడు గుర్తు కోసం పట్టిన నా గొంతే ఉంది. నేను ముందు వరసలో కూర్చున్నాను, అందరూ చూసేలా.

మొదట్లో బాగానే ఉన్నారు. తర్వాత ఆ సీను. చెల్లెలు ఏళ్ల తర్వాత ఇంటికొస్తుంది. అక్క చనిపోయిన సంగతి తెలియదు. మూట పట్టుకుని గది గదీ తిరుగుతూ అక్కను పిలుస్తుంది. సినిమా మొత్తానికి ప్రాణం ఆ పిలుపే. నేను పిలిచాను: "అక్కా! గిట్ల యాడికి పోయినవ్ అక్కా! నీ చెల్లె గిట్ల వచ్చె గదా!"

వెనక నుంచి ఒక నవ్వు. ఆ తర్వాత హాలంతా. ఆడవాళ్లూ, పిల్లలూ, ముసలాళ్లూ. ఎవడో పెద్దగా, "అరే, కామెడీ మంచిగుందిరా!" అన్నాడు.

జనం ఈలలు వేసిన హాళ్లు చూశాను, కుర్చీలు విరగ్గొట్టిన హాళ్లు చూశాను. నేను ఏడుస్తుంటే నవ్విన హాలు చూడలేదు. చెంపల నుంచి చెవుల దాకా మండిపోయింది. లేచి బయటికి వచ్చేశాను. కోపంతోనే.

శ్రీనివాస్ వెంట పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా, తప్పు నాది. మొదటి రోజే చెప్పాల్సింది. మీరంటే భయమై నోరు రాలే" అన్నాడు.

"ఏం చెప్పాల్సింది?"

"మీరు మాట్లాడేది మన మాట గాదమ్మా. మన మాట మీద సినిమాలోళ్లు అల్లిన మాట."

అక్క చెప్పిందీ అదే. ఎవరూ కలిసి మాట్లాడుకోకుండానే అందరూ ఒకటే చెబుతున్నారు.

8 మార్చి

నిర్మాత ఫోను. ఏప్రిల్‌లో ఒక రోజు, ఒక్క సీను నాతో పరీక్షగా చెప్పిస్తారట. ఆ సీనే. నచ్చకపోతే మొత్తం ప్రభావతి చెబుతుంది. పరీక్ష రోజు ప్రభావతి కూడా స్టూడియోలోనే ఉంటుందట, రెండో రోజు వృథా కాకుండా. అవార్డు వచ్చినదానికి పరీక్ష! సరే పెట్టుకోండి అన్నాను. చాలా హుందాగా అన్నాను.

వెంటనే ప్రభావతి ఫోను. ఆమెది తెనాలి. మేం కలిసినప్పుడల్లా నేను ముఖం, ఆమె గొంతు, ఇద్దరం కలిస్తే ఒక మనిషి అని జోక్ వేసుకునేవాళ్లం.

"నీలా, నీ మీద పోటీకి వస్తున్నానని అనుకోకే. వాళ్లు పిలిస్తే వస్తున్నాను."

"రా, రా. ఎప్పుడూ చెప్పేదానివే కదా."

"ఇన్నేళ్లూ నీ ఏడుపంతా నేనే ఏడ్చాను. ఈ ఒక్కసారి నువ్వే ఏడువు. నాకు ఈ ఏడుపు రాదు."

వాళ్ల కోడలి పురుడు గురించి అడిగి పెట్టేశాను.

11 మార్చి. గద్వాల, అక్క ఇల్లు

అద్దం ముందు సాధన. గొంతు బాగుంది.

12 మార్చి

అద్దం ముందు సాధన. గొంతు చాలా బాగుంది. వర్ష తలుపు సందులోంచి చూసి పోయింది.

13 మార్చి

బాగాలేదు.

15 మార్చి

అక్కను అడిగేశాను. సిగ్గేముంది, అక్కే కదా. "నువ్వు మాట్లాడు, నేనట్లనే అంట" అన్నాను. అక్క ఒక్కో మాట చెప్పింది, నేను ఒక్కో మాట అన్నాను. కొంచెంసేపటికి అక్కకు విసుగొచ్చింది. "చిలకకు జెప్పినట్లుంది. మాట చెప్తే వస్తదానే? ఆకలైతే అడుగుతం, కోపమొస్తే తిడుతం. గదే మాట" అంది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను ముందు రచ్చ గెలిచాను. ఇల్లు ఒక్కటే మిగిలింది, అదెంతసేపు!

19 మార్చి

వర్షకు పరీక్షలు. రోజూ తండ్రి పక్కన కూర్చుని అంచు వేసేది అదే. గద్వాల చీర ఒళ్లు నూలు, అంచు పట్టు. నేసేవాడు నూలు నాడె, అదే పోగు మోసే చెక్క, విసిరితే, పక్కన కూర్చున్నవాళ్లు అంచు నాడె విసరాలి. విసిరిన ప్రతిసారీ రెండు పోగులూ ఒకదాన్నొకటి పట్టుకోవాలి. దాన్నే కుట్టు అంటారు. ఇద్దరిలో ఒకరు తొందరపడినా, ఒకరు వెనకబడినా ఒంటికీ అంచుకూ మధ్య సందు పడి చీర పనికిరాదు.

తిరుపతయ్య తల పట్టుకుని కూర్చున్నాడు. పెళ్లివాళ్ల చీర, ఆపే వీలు లేదు. "జరుగు, నేను కూసుంట" అన్నాను. పెళ్లికి ముందు అక్క పక్కన కూర్చుని అంచు వేసిందంతా నేనే. తిరుపతయ్య మొహమాటంగా నవ్వి, "నువ్వెందుకు చిన్నమ్మా, చేతులు పోతయ్" అన్నాడు. పోయేది నా చేతులే కదా.

పొద్దున రెండు జానెలు పాడుచేశాను. మధ్యాహ్నానికి చేతికి దారి దొరికింది.

22 మార్చి

ఇవ్వాళ ఏం జరిగిందంటే.

మగ్గం జోరు మీద ఉంది. నాది కాని తప్పుకు తిరుపతయ్య నన్నన్నాడు. "చిన్నమ్మా, జర సూడు, నాడె ఆల్చమైతుంది, సందు పడ్డది!" అని అరిచాడు.

నాకు ఎక్కడ లేని మంట పుట్టింది. ఆ టకటకల మీద నుంచి నేనూ అరిచాను. "ఆల్చం నాది గాదురో! నీ కాలు ముందల పడ్తుంది, నువ్వు జూస్కో! ఆడలేక మద్దెల ఓడంటవేందిరా? కండ్లు యాడ పెట్టినవ్? కండ్లు లేకున్నా మీ అమ్మ నీ కంటె నయం నేస్తది!"

బయట రాట్నం ఆగింది. అరుగు మీంచి అక్క కేకేసింది: "జములీ! ఎప్పుడొచ్చినవే?"

నేను వచ్చి రెండు నెలలు.

తిరుపతయ్య మగ్గం ఆపి నా వైపు చూశాడు. నేను మగ్గం గుంటలోంచి లేచి అరుగు మీదికి పోయి అక్క పక్కన కూర్చున్నాను. అక్క నా చేయి వెతుక్కుని పట్టుకుని, "గిది! గిది మా జములి!" అంది. ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. ప్రభావతి లేకుండానే బాగా ఏడ్చాను.

23 మార్చి

శ్రీనివాస్‌ను వనపర్తి నుంచి పిలిపించాను. నిన్న తిట్టింది మళ్లీ తిట్టి వినిపిస్తానన్నాను. అతను కూర్చున్నాడు. నేను నిలబడ్డాను. గది నిశ్శబ్దంగా ఉంది. నోరు తెరిచాను.

"ఒరేయ్ బిడ్డా" అని వచ్చింది.

ఛీ!

24 మార్చి

దొరికింది. పొద్దున పళ్లు తోముకుంటుంటే దొరికింది. వెంటనే ఉమ్మి ఫోను చేశాను.

నా గొంతు చెడగొట్టింది నిశ్శబ్దం. స్టూడియోల నిశ్శబ్దం, మైకు ముందటి నిశ్శబ్దం. నిశ్శబ్దంలో నిలబడగానే నేను నీలవేణిని అయిపోతాను. మగ్గం చప్పుడు మీద మాట్లాడితే జములమ్మను. అంతే సంగతి! "శ్రీనివాస్, ఆ రికార్డింగ్ మిషన్ పట్టుకుని రా. మా తిరుపతయ్య మగ్గం చప్పుడు పట్టు. పొద్దంతా పట్టు" అన్నాను.

"మగ్గం చప్పుడు మన దగ్గర ఉంది గదమ్మా."

"జనానికి కాదు. నా చెవులకు."

"అమ్మా!" అన్నాడు. తెలివైన పిల్లవాడు, ఇంకేమీ చెప్పించుకోలేదు.

12 ఏప్రిల్. హైదరాబాదు

పరీక్ష.

స్టూడియోలో గాజుకు అవతల నిర్మాత, సౌండ్ ఇంజనీరు, శ్రీనివాస్, ప్రభావతి. నేను లోపల. హెడ్‌ఫోన్లు చెవులకు పెట్టుకున్నాను. తెర మీద ఆ సీను మొదలైంది. చెవుల్లో మగ్గం.

"ఇంకా పెంచు" అని సైగ చేశాను. ఇంజనీరు పెంచాడు. "ఇంకా." చెవులు పోతాయని ఆయన భయం. మా వీధిలో ఎవరి చెవులు పోయాయని? పెంచించాను.

టకా టకా టకా టకా. తెర మీద నా ముఖం తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. కాగితం మీద డైలాగు ఉంది, నేను చూడలేదు. ఆ చప్పుడులో అక్క ఎక్కడో లోపల ఉంది, నాకు ఆకలేస్తోంది, పిలవాలి. పిలిచాను.

ఒక్కసారే చెప్పాను. మళ్లీ అడగలేదు.

హెడ్‌ఫోన్లు తీశాను. ఇంజనీరు, "మేడమ్, మీటరు సూది చివరిదాకా పోయింది" అన్నాడు. నిర్మాత గడ్డం గోక్కుంటూ, "బాగానే ఉంది కానీ... గుంటూరు, విజయవాడల్లో అర్థమవుతుందా?" అన్నాడు. అని ప్రభావతి వైపు తిరిగి, "మీరూ ఒకసారి ట్రై చేస్తారా?" అని అడిగాడు.

ప్రభావతి పర్సు తీసుకుని లేచింది. "నాది తెనాలండీ. నాకు అర్థమైంది. ఇది నేను చెప్పలేను" అంది. పోతూ పోతూ నా దగ్గరికొచ్చి భుజం మీద ఒక్కటేసింది. "ఇంత గొంతు పెట్టుకుని ఇన్నాళ్లూ నాతో చాకిరీ చేయించుకున్నావా, రాక్షసీ!" అని కళ్లు తుడుచుకుంది.

నిర్మాత మిగతా డైలాగులకు నా డేట్లు అడిగాడు.

13 ఏప్రిల్

గొంతు బొంగురుపోయింది. మిగతా డైలాగులు వచ్చే వారం. మిరియాల పాలు తాగాను. చాలా బాగా చేశాను.

10 ఆగస్టు, శుక్రవారం. గద్వాల

ఉన్నది ఉన్నట్టు రాయాలి.

మధ్యాహ్నం ఆట. మా వీధిలో మగ్గాలన్నీ ఆపి వచ్చారు. తిరుపతయ్య కొత్త చొక్కా వేసుకున్నాడు. అక్కను మధ్యలో కూర్చోబెట్టి ఒక పక్క వర్ష, ఒక పక్క నేను. అక్క చేయి నా చేతిలో. జనం నన్ను చూసి గుసగుసలాడుతుంటే, ఎప్పటిలాగే చిన్నగా నవ్వి తల పంకించాను. లోపల మాత్రం వనపర్తి నవ్వులు వినపడుతూనే ఉన్నాయి.

సినిమా మొదలైంది. నేను తెర మీద మాట్లాడినప్పుడల్లా అక్క వేళ్లు కదిలాయి. పోదాం పా అనలేదు.

ఆ సీను వచ్చింది. మూట పట్టుకుని తలుపు తోశాను. శ్రీనివాస్ అక్కడ సంగీతం తీసేశాడు. ఖాళీ ఇల్లు. తెర మీంచి నేను పిలిచాను: "అక్కా! ఓ అక్కా! యాడున్నవే?"

హాల్లో నవ్వు లేదు. దగ్గు కూడా లేదు.

అక్క నా చేయి వదిలేసింది. ముందుకు వంగి, మగ్గాల మీంచి పిలిచినంత గట్టిగా, "ఈడున్ననే జములీ! ఏమాయెనే?" అంది.

హాలంతా ఇటు తిరిగింది. ఎవరూ నవ్వలేదు. తెర మీద నాకు ఆ మాట వినపడదు కదా, ఇంకో గదిలోకి పోయి మళ్లీ పిలిచాను. "అక్కా! పలుకవేందే?"

అక్క లేచి నిలబడింది. "ఈడనే ఉన్న అంటున్న గదనే! వినపడ్తలేదా? ఇటు రా!"

ఆమె కొంగు పట్టుకుని కూర్చోబెట్టబోయాను. నలుగురికీ ఇబ్బంది కలగకూడదని, హాల్లో ఎప్పుడూ మాట్లాడినట్టే మెల్లగా, "అక్కా, నేనిక్కడే ఉన్నాను" అన్నాను.

అక్క నా చేయి విదిలించుకుంది.

"నువ్వు జర ఊకుండమ్మా. మా చెల్లె పిలుస్తుంది."